ఊరి ఇంటిపేరు

భార్యను చైనాకు దక్షిణాన దించవలసి ఉండగా ఉత్తరాన దించిన మగవాణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూసి ఉండరు. అలాంటివాళ్ళు సాధారణంగా నోరు విప్పరు. నేను విప్పుతున్నాను. ఎందుకంటే నేను చెప్పకపోతే ఈ కథ మా ఆవిడ చెబుతుంది. ఆవిడ చెప్పే కథలో నా పాత్ర ఇంతకంటే చిన్నగా, ఇంతకంటే తెలివితక్కువగా ఉంటుంది.

అప్పటికి నేను సింగపూర్‌లో ఒక విశ్వవిద్యాలయంలో సముద్రపు నాచు మీద పరిశోధన చేస్తున్నాను. గాజుతొట్టెలో నాచు మెల్లగా ఊగుతూ ఉండేది, దాన్ని చూస్తూ నేనూ ఊగుతూ ఉండేవాణ్ణి. ఇద్దరికీ తొందర లేదు. సాయంత్రం రైలెక్కితే మా ఇల్లున్న టాంపినీస్‌లో దిగాలి. కిటికీలోంచి మబ్బుల్ని చూస్తూ టాంపినీస్ దాటి చివరి స్టేషన్‌దాకా పోయేవాణ్ణి. అక్కడ నాలుక కరుచుకుని వెనక్కి వచ్చే రైలెక్కేవాణ్ణి. అటువైపు మబ్బులు ఇంకా బాగుండేవి. మళ్ళీ టాంపినీస్ దాటిపోయేవాణ్ణి. ఇంట్లో అన్నం చల్లారిపోయేది.

మా ఆవిడ హారికది రాజమండ్రి. ఇక్కడ ఒక ఆఫీసులో పని. పగలు సింగపూర్ వాళ్ళతో మాట్లాడేది, సాయంత్రం నుంచి వేరే దేశాల వాళ్ళతో. ఆమె చెవిలో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండేవారు, నా కళ్ళలో ఎప్పుడూ మబ్బులు ఉండేవి. ఒకే ఇంట్లో ఉంటూ ఒకరినొకరు సరిగ్గా చూసుకోకుండా ఒక ఏడాది గడిపేశామని నాకు తెలియనే తెలియదు. ఆమెకు తెలుసు.

ఒకరోజు అలమర సర్దుతూ ఆమె ఒక కాగితం పొట్లం తీసి నా ముందు పెట్టింది. లోపల దూదివత్తుల కట్ట. కార్తికమాసంలో మన బజార్లన్నిటా అమ్ముతారే, మూడువందల అరవై అయిదు వత్తుల కట్ట, అదే. ఏడాదంతా దీపం పెట్టకపోయినా కార్తిక పౌర్ణమినాడు ఆ కట్ట ఒక్కటి వెలిగిస్తే రోజూ పెట్టినట్టే లెక్క. ఇంత ఉదారమైన ఏర్పాటు ఇంకే దేవుడూ చేసి ఉండడని నా నమ్మకం.

"ఈ ఏడాది మనింట్లో దీపం ఎన్నిసార్లు పెట్టామండీ?" అంది.

"కరెంటు దీపమా?"

ఆమె నావైపు ఒక చూపు చూసింది.

"ఈ పౌర్ణమికి ఎటైనా వెళ్దాం. అక్కడ చంద్రుడు కనపడాలి, నీళ్ళుండాలి. మీరుండాలి."

"నేనెప్పుడూ ఉంటాగా."

"మీరుండరు. మీ ఒళ్ళుంటుంది. ఒక్కరోజు, ఈ కట్ట వెలిగించినంతసేపు, మీరు మొత్తంగా నా పక్కన ఉండాలి. అంతే నేనడిగేది. అది కూడా కుదరదంటే చెప్పేయండి, వచ్చే ఏడాది నుంచి నేనొక్కదాన్నే వెళ్ళి వెలిగించుకుంటా."

నవ్వుతూనే అంది. కానీ ఆ మాట నాకు గుండెలో తగిలింది. ఆ క్షణంలోనే ఒక నిర్ణయానికి వచ్చాను. ఈసారి ప్రయాణం మొత్తం నేనే ఏర్పాటు చేస్తాను, ఆమె వేలు కూడా కదపక్కర్లేదు. పాఠకులు ఇక్కడ నన్ను ఆపడానికి ప్రయత్నించవచ్చు. లాభం లేదు, అప్పటికే నేను కంప్యూటర్ తెరిచేశాను.

చంద్రుడి కోసం వెతికితే చైనాలో ఒక కొండ దొరికింది. దాని పేరే వెన్నెల కొండ. కొండ కింద వేడినీటి బుగ్గలు, పొగలు కక్కుతున్న నీళ్ళలో మెడదాకా మునిగి చంద్రుణ్ణి చూస్తున్న మనుషులు. ఊరి పేరు యిచున్. ఆ బొమ్మను చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. నీళ్ళ వెచ్చదనం నా భుజాలదాకా వచ్చింది. హారిక తడిజుట్టు, నీళ్ళలో ముక్కలైన చంద్రుడు, గట్టుమీద వెలుగుతున్న దీపం, అన్నీ కనిపించాయి. పొయ్యిమీద పాలు పొంగిపోయాయి, అవి మాత్రం కనిపించలేదు.

ఇక్కడ మా కాంతమ్మ ఆంటీ గురించి చెప్పాలి. మా అంతస్తులోనే ఉంటుంది. ఆమె తాతగారు ఎప్పుడో విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడే ఉండిపోయారట. ఆమె తెలుగులో సగం తమిళం, కొంత మలయ్, మాట చివర సింగపూర్ వాళ్ళ 'లా', మిగిలింది తెలుగు. మేము కొత్తగా ఇంట్లో దిగినప్పుడు లిఫ్టులో పట్టుకుని అడిగింది.

"తంబీ, నీ పేరేంది?"

"శ్రీనివాస్ ఆంటీ."

"అది సరే లా. ఇంటిపేరు?"

"గొడవర్తి."

"హాఁ, అట్ల చెప్పు! ఈ బ్లాక్‌లో ఇంకో శ్రీనివాస్ ఉండాడు. నేను పార్సెల్ తీసి పెట్టినా, వాడిది నీకు ఇచ్చేస్తే? పేరు చాలదు తంబీ. ఇంటిపేరు అడగాల."

చైనా వెళుతున్నామని చెప్పినప్పుడు కూడా ఆమె మొదట అడిగింది అదే.

"ఏ ఊరు?"

"యిచున్ ఆంటీ."

"ఏ యిచున్?"

"ఒకటే ఉంటుంది ఆంటీ," అన్నాను నవ్వి. ఆమె ప్రతిదానికీ ఇంటిపేరు అడిగే మనిషి కదా అని నా నవ్వు. ఆ నవ్వును గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

వీసాలు వచ్చాయి, బీజింగ్ దాకా విమానం సులువుగానే దొరికింది. బీజింగ్ నుంచి యిచున్‌కి చైనా లోపలి విమానం కావాలి. ఒక చైనా వెబ్‌సైట్‌లో, ఇంగ్లీషు పేజీలో, ఆదివారం పొద్దున కూర్చున్నాను. హారిక కూరగాయలకని మార్కెట్‌కి వెళ్ళింది. నేను కాఫీ పెట్టుకుని, చేతివేళ్ళు విరుచుకుని, రంగంలోకి దిగాను.

నా భయమంతా పేరు గురించే. నా పాస్‌పోర్ట్‌లో పేరు గొడవర్తి వెంకట నాగ సత్య సూర్య శ్రీనివాస్. మా అమ్మానాన్నలు ఏ దేవుణ్ణీ నొప్పించదలుచుకోలేదు. ఈ పేరు టికెట్టు మీద ఒక్క అక్షరం తేడా వచ్చినా విమానం ఎక్కనివ్వరని, ఇంటిపేరు గడిలో అసలు పేరు, అసలు పేరు గడిలో ఇంటిపేరు పెట్టి విమానాశ్రయంలో ఏడ్చిన తెలుగువాళ్ళ కథలు సింగపూర్‌లో ఎన్నో విన్నాను. చైనావాళ్ళు కూడా మనలాగే ఇంటిపేరు ముందు చెప్పుకుంటారని చదివి నాకు వాళ్ళమీద ఆప్యాయత పుట్టింది. వీళ్ళు మనవాళ్ళే అనుకున్నాను. ఆప్యాయత నాకు పుట్టింది గానీ వెబ్‌సైట్‌కి పుట్టలేదు. నా పేరు ఆ గడిలో పట్టలేదు. ఖాళీలన్నీ తీసేసి, పేర్లన్నీ ఒకదానికొకటి తగిలించి గూడ్సు రైలు లాగా లోపలికి తోశాను. పట్టింది.

తర్వాత ఒక బొమ్మ వచ్చింది. ఒక ముక్కను జరిపి బొమ్మలో అతికించి నేను మనిషినని రుజువు చేసుకోవాలట. బొమ్మలో ఒక సరస్సు, వెనక నీలంరంగు కొండలు, గట్టున ఒంటరిగా ఒక పడవ. ఎంత బాగుందో! ఆ పడవ ఎవరిదై ఉంటుంది, ఎందుకు వదిలేసి వెళ్ళి ఉంటారు అని ఆలోచిస్తూ ఉండగా బొమ్మ మాయమైంది. నేను మనిషిని కానని అది తేల్చుకుంది. మొదటి నుంచి మళ్ళీ మొదలు.

రెండోసారి ముక్కను గబుక్కున అతికించాను. డబ్బు కట్టే చోటికి వచ్చాను. పేజీ మూలన ఒక గడియారం వెనక్కి నడుస్తోంది, అది సున్నాకి చేరేలోగా పని కావాలి. కార్డు హారికది, బ్యాంకు పంపే నంబరు ఆమె ఫోన్‌కి వెళుతుంది. ఫోన్ చేశాను.

"హారికా, నీ ఫోన్‌కి ఒక నంబరు వచ్చింది, చదువు."

"బెండకాయలు ఏరుతున్నానండీ, ఉండండి."

"ఉండడానికి లేదు! గడియారం తిరిగిపోతోంది."

"ఏ గడియారం?"

"చైనా గడియారం!"

"వాళ్ళదీ మనదీ ఒకటే టైముగా?"

"హారికా, దండం పెడతాను, నంబరు చదువు!"

ఆమె చదివింది. చివరి రెండు అంకెలు వినబడలేదు, బెండకాయలామె మధ్యలో ఏదో అంది. మళ్ళీ చదివించుకునేలోగా గడియారం సున్నాకి చేరింది, పేజీ చేతులెత్తేసింది. మళ్ళీ మొదలు.

మూడోసారి మొదలుపెట్టాను. ఊరి పేరు కొట్టగానే కింద వరుసగా పేర్లు రాలాయి. యిచున్ అని పైనే కనబడింది, నొక్కేశాను. దాని కింద ఇంకేదో యిచున్ లాంటిదే ఉన్నట్టు కంటి చివర మెరిసింది గానీ, పక్కన బూడిదరంగులో ఏవో సన్నటి అక్షరాలు ఉన్నాయి గానీ, వాటిని చదివే తీరికెక్కడ? నా దృష్టంతా గొడవర్తిలో అక్షరాల మీద ఉంది. హారిక ఈసారి ఎక్కడో మూలకు వెళ్ళి అంకెలు ఒక్కొక్కటిగా అరిచింది. టికెట్టు వచ్చేసింది. రాను, పోను. పేరు చూశాను. అక్షరం కూడా పొల్లు పోలేదు. ఇంటిపేరు ఇంటిపేరు గడిలోనే ఉంది. ఆ రోజు నా కాళ్ళు నేలమీద ఆనలేదు.

బీజింగ్‌లో దిగేదాకా అంతా సవ్యంగా జరిగింది. అక్కడ విమానం మారేచోట తనిఖీ చేసే అమ్మాయి హారిక చేతిసంచిలోంచి వత్తుల కట్ట తీసి ఇటూ అటూ తిప్పింది. హారిక నా ఫోన్ లాక్కుని తెలుగులో చెప్పింది, ఫోన్ చైనీస్‌లో పలికింది. ఆ అమ్మాయి ఏదో అంటే ఫోన్ మాకు దాన్ని తెలుగులో వినిపించింది.

"ఇది ఏ యంత్రపు భాగము?"

"యంత్రం కాదమ్మా, దీపం. ఏడాదంతటి దీపం."

ఆ జవాబు చైనీస్‌లో ఏమైందో గానీ, ఆ అమ్మాయి కట్టను రెండు చేతులతో పట్టుకుని జాగ్రత్తగా తిరిగి సంచిలో పెట్టింది. అగ్గిపెట్టె మాత్రం తీసేసుకుంది.

యిచున్ విమానం ఎక్కే చోట నాకు కొంచెం వింతగా అనిపించిన మాట నిజం. తోటి ప్రయాణికులందరూ బొచ్చుటోపీలు, మోకాళ్ళు దాటిన కోట్లు వేసుకుని ఉన్నారు. మేము వేడినీటి బుగ్గలకి వెళుతున్నవాళ్ళం. పలచటి జాకెట్లు, పెట్టెలో ఈతబట్టలు.

"ఏవండీ, వీళ్ళేంటి ఇలా ఉన్నారు?"

"చైనావాళ్ళకి చలంటే భయం."

విమానం లేచింది. కొంతసేపటికి ఆమె కిటికీలోంచి కిందికి చూసి అంది, "కింద తెల్లగా మంచులా ఉందండీ."

"మబ్బులు."

"మబ్బుల్లో చెట్లుంటాయా?"

నేను కూడా చూశాను. తెల్లటి మబ్బుల్లో నల్లటి చెట్లు, బారులు బారులుగా, ఆకాశం అంచుదాకా. కలలోలాగా ఉంది. చెట్లున్న మబ్బులు ఎంత బాగున్నాయో అనుకున్నానే తప్ప, మబ్బుల్లో చెట్లెందుకుంటాయని నాకు తోచలేదు. ఇలాంటి బుర్రకు డాక్టరేట్ ఇచ్చారు, చూడండి.

తలుపు తీశారు. చలి కాదు అది. ఎవరో ముఖం మీద చాచి కొట్టినట్టయింది. నా ముక్కులో ఏదో గడ్డకట్టింది. చిన్న విమానాశ్రయం, బయట ఒకే వరుసలో టాక్సీలు. ముందున్న టాక్సీలోంచి గుండ్రటి ముఖం, ఎర్రటి బుగ్గలు, పెద్ద బొచ్చుటోపీ ఉన్న ఒకావిడ దిగింది. పేరు లాన్ అని తర్వాత తెలిసింది. నేను వెన్నెల కొండ హోటల్ చిరునామా చూపించాను. ఆవిడ చదివింది. నావైపు చూసింది. మళ్ళీ చదివింది. తర్వాత నడుం పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వు తగ్గాక ఫోన్‌లోకి ఏదో చెప్పింది. ఫోన్ గంభీరమైన గొంతుతో తెలుగులో పలికింది.

"గౌరవనీయ అతిథీ, మీ చంద్రుడు ఇక్కడ నివసించడు."

"ఇది యిచున్ కాదా?" అని అరిచాను.

"ఇది యిచున్. మీ యిచున్ ఇది కాదు."

"ఇంకో యిచున్ ఉందా?"

"ఉన్నది. వేరొకరి కుటుంబములో ఉన్నది."

ఆవిడ మ్యాప్ తెరిచి మేమున్న చోటు చూపించింది. రష్యా సరిహద్దు పక్కనే, అడవుల మధ్య. తర్వాత వేలితో మ్యాప్‌ని జరిపింది. జరిపింది. జరుపుతూనే ఉంది. బీజింగ్ వచ్చింది, పోయింది. ఏవో నదులు వచ్చాయి, పోయాయి. ఆవిడ వేలు కిందికి దిగేకొద్దీ నా ప్రాణాలు కూడా అదే దారిన దిగుతున్నాయి. ఎక్కడో దక్షిణాన, దేశానికి రెండో చివర, ఆవిడ వేలు ఆగింది. అక్కడ ఇంకో యిచున్ ఉంది. చైనా రాతలో రెంటికీ అక్షరాలు వేరు, పలికే తీరులోనూ తేడా ఉందట. ఇంగ్లీషులోకి వచ్చేసరికి రెండూ ఒకే పేరుతో కూర్చున్నాయి. పక్కన రాసి ఉన్న రాష్ట్రం పేరే తేడా. వెబ్‌సైట్‌లో నేను చదవని బూడిదరంగు అక్షరాలు అవే.

"శ్రీనివాస్ గారూ," అంది హారిక.

మామూలుగా ఆమె నన్ను ఏవండీ అంటుంది. గారూ అన్నదంటే నేను లేచి నిలబడాలని అర్థం. నేను అప్పటికే నిలబడి ఉన్నాను కాబట్టి తల దించుకున్నాను.

"మీ ఇంటిపేరు అక్షరం అక్షరం చూసుకున్నారే, ఊరి ఇంటిపేరు చూసుకోవద్దూ?"

ఆ రోజే పౌర్ణమి. ఆ రోజు అటు వెళ్ళే విమానం లేదు. తిరుగు టికెట్టు కూడా ఇక్కడి నుంచే, అదీ కొన్ని రోజుల తర్వాత. తప్పైనా సరే, పద్ధతిగా చేశాను. ఆమె అడిగింది ఒక్కరోజు. దాన్ని నేను నా చేతులారా పాడుచేశాను. ఆమె కళ్ళలో నీళ్ళు తిరగడం చూశాను. చలికని సర్దిచెప్పుకోవచ్చు గానీ, చలికి కాదని నాకు తెలుసు.

లాన్ గారు మా ఇద్దరినీ మార్చిమార్చి చూసి, ఇక ఏమీ అడగకుండా పెట్టెలు కారులో పడేసింది. ఫోన్ అంది, "నా ఇంట గదులు కలవు. దయచేసి ఘనీభవించవద్దు."

ఆవిడ ఇల్లు ఊరి చివర, అడవి మొదట్లో ఉంది. లోపల ఇటుకల అరుగు, దాని కింద పొయ్యి, పైన పరుపు. మమ్మల్ని దాని మీద కూర్చోబెట్టి ఆవిడ లోపలి నుంచి రెండు దూదికోట్లు తెచ్చింది. ఒకటి నల్లది, హారికకి సరిపోయింది. రెండోది ఎర్రది, దాని మీద పెళ్ళిపందిరంత పెద్ద పెద్ద పూలు. అది ఆవిడదే. నాకు వేసింది. నన్ను చూసి హారిక మొహం అటు తిప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుని దగ్గరికి వెళ్ళాను. నవ్వుతోంది.

"ఇప్పుడే రాజమండ్రి నుంచి అత్తారింటికి వచ్చినట్టున్నారు," అంది. ఆ ఒక్క మాటతో నాకు ఊపిరి వచ్చింది.

అక్కడ మధ్యాహ్నం టీ వేళకే పొద్దు వాలిపోయింది. కిటికీ నీలంగా మారింది. హారిక లేచి సంచిలోంచి వత్తుల కట్ట తీసింది.

"పౌర్ణమి ఇక్కడ కూడా ఇవాళేగా?"

"చంద్రుడు ఒక్కడే కదా మరి," అన్నాను భయంభయంగా.

"నయం. ఆయనకి ఇంటిపేరు అక్కర్లేదు. లేకపోతే మీరు ఇంకో చంద్రుడి దగ్గరికి తీసుకెళ్ళేవారు."

అడవి ఊళ్ళో వాళ్ళకి నిప్పంటే భయం. లాన్ గారు మొదట ఒప్పుకోలేదు. హారిక ఫోన్‌లోకి చాలాసేపు చెప్పింది, ఏం చెప్పిందో నాకు వినబడకుండా అటు తిరిగి చెప్పింది. విన్నాక ఆవిడ ఒక మందపాటి సూప్‌గిన్నె, వంటనూనె, అగ్గిపెట్టె తెచ్చిచ్చి, తనే నీళ్ళబకెట్ పట్టుకుని మా వెనకాల పెరట్లోకి నడిచింది.

మంచు మోకాలిదాకా ఉంది. ఏ చప్పుడూ లేదు. చెట్ల వెనక నుంచి చంద్రుడు వచ్చాడు, టాంపినీస్‌లో రెండు బ్లాకుల మధ్య ఇరుక్కుని కనబడే చంద్రుడు కాదు, తీరిగ్గా, మొత్తంగా. మంచంతా వెలుగైపోయింది. నేల నుంచే వెన్నెల వస్తున్నట్టుంది. ఫోటో తీద్దామని ఫోన్ పైకెత్తాను. చలికి అది ఠపీమని ఆరిపోయింది. ఇక నా చేతుల్లో ఏమీ లేదు. చూడటం తప్ప చేయగలిగింది లేదు.

అప్పుడు చూశాను. హారిక మంచులో చేత్తో చిన్న గూడు తవ్వి గిన్నె అందులో పెట్టింది. కట్ట తడుపుతూ కింది పెదవి పంటితో పట్టుకుంది. వత్తులు సర్దేటప్పుడు ఆమె అలా చేస్తుందని నాకు అంతవరకూ తెలియదు. రెప్పల మీద సన్నటి మంచు పేరుకుంది. ఏడాదిగా ఎదురుగా ఉన్న మనిషిని అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూశాను. ఎంత పోగొట్టుకున్నానో లెక్క తెలిసింది.

"పట్టుకోండి," అంది. ఇద్దరం కలిసి వెలిగించాం. మూడువందల అరవై అయిదు వత్తులు ఒక్కసారి అంటుకుంటే మామూలు మంటా అది! మంచుగూడు లోపలి నుంచి బంగారంలా వెలిగింది. నేను కదల్లేదు. మబ్బుల్లేవు, నాచు లేదు, ఎక్కడికీ పోలేదు. ఆ వేడికి చుట్టూ మంచు కరిగి మెల్లగా ఒక చిన్న మడుగయింది. గిన్నె కొంచెం పక్కకి కదిలి ఆ నీళ్ళలో నిలిచింది.

"నీళ్ళుండాలన్నాను, నీళ్ళు కూడా వచ్చాయండీ," అంది హారిక మెల్లగా, నా పూలకోటు చేతిని పట్టుకుని.

వెనక్కి తిరిగి చూస్తే లాన్ గారి బకెట్లో నీళ్ళు పైన గడ్డకట్టి ఉన్నాయి. నిప్పు నిజంగా లేచి ఉంటే ఆవిడ దాని మీద ఒక మంచుపలక విసిరి ఉండేది. ఆవిడ కూడా కదలకుండా దీపాన్నే చూస్తోంది.

వేడినీటి బుగ్గ కూడా దక్కింది. దీపం కొండెక్కాక లోపలికి వచ్చి, ఆవిడ ఇచ్చిన వేడినీళ్ళ బేసిన్‌లో ఇద్దరం నాలుగు పాదాలూ పెట్టి కిటికీలోంచి చంద్రుణ్ణి చూస్తూ కూర్చున్నాం.

సింగపూర్ వచ్చాక కాంతమ్మ ఆంటీ లిఫ్టులో దొరికింది. హారిక ఆమెకి మొత్తం చెప్పింది. నా పూలకోటు ఫోటో కూడా చూపించింది. మర్నాడు లాన్ గారు తీసిన ఫోటో అది, హారిక దాన్ని దొరికిన అందరికీ చూపించింది. ఆంటీ గోడకి ఆనుకుని నవ్వింది.

"అలామాక్! నేను అడిగినా కదా తంబీ, ఏ యిచున్ అని! నువ్వు ఏం చెప్పినావ్?"

"ఒకటే ఉంటుందన్నాను ఆంటీ."

"ఒకటే ఉంటాదంట లా!" అని ఆమె పై అంతస్తు దాకా నవ్వుతూనే ఉంది.

కాబట్టి పాఠకుల ఎదుట, సూర్యచంద్రుల సాక్షిగా, ఆ ఎర్రపూల కోటు మీద ఒట్టేసి ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఏ ఊరికైనా సరే, ముందు దాని ఇంటిపేరు అడిగి, తాతముత్తాతల వివరాలు కనుక్కుని, ఆ తర్వాతే టికెట్టు కొంటాను.

ఈ ప్రతిజ్ఞ నిలబెట్టుకునే అవకాశం మొన్ననే వచ్చింది. మళ్ళీ కార్తికం వస్తోంది. ఈసారి కంప్యూటర్ ముందు హారిక కూర్చుంది, నేను బెండకాయలు తరుగుతున్నాను. వెనక నుంచి తొంగి చూసి, కత్తి అక్కడే పడేసి పరిగెత్తాను.

"ఆగు, ఆగు! పక్కన బూడిదరంగు అక్షరాలు చదువు. ఇది మంచు యిచున్. వెన్నెల కొండ యిచున్ దాని కింద ఉంది."

"తెలుసు," అంది ఆమె, తల తిప్పకుండానే. పైనున్న యిచున్‌ని నొక్కింది. "నా ఫోన్‌కి నంబరొచ్చింది, చదవండి. గడియారం తిరిగిపోతోంది."